గోడ మీద పదహారు తూటాలు

"పది రోజుల్లో ఇద్దరు పోయారు," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంటు పెద్ద నెజాత్ బే, టీ గ్లాసు పక్కకు జరిపి. "ఇద్దరూ పరాయి దేశంలో మన ఏజెంట్లు. కరాయెల్ వీడియోగేమ్ టీమ్ మ్యాచ్ మొదలైన గంటకల్లా దొరికిపోయారు. మూడో మనిషి ఎవరో నీకు తెలుసు."

నెవ్రాకు తెలుసు. తన తమ్ముడు తుర్గాయ్. వాడి దొంగ పాస్‌పోర్టు చివరి అంకెలు 2473. ఆ నాలుగంకెలు శత్రువుల చెవిన పడితే వాడి పని అయిపోయినట్టే. హెచ్చరిద్దామంటే దారి లేదు. ఆదివారం సాయంత్రం వాడే కబురు పంపాలి. ఫైనల్ ఆ మధ్యాహ్నమే.

కరాయెల్ పాత కోచ్‌కు డిపార్ట్‌మెంటు దయవల్ల ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. నెరిసిన విగ్గు, కెమెరా దాచిన కళ్లజోడు పెట్టుకుని నెవ్రా ఆ కుర్చీలో కూర్చుంది. ఈ తుపాకుల ఆట ఆమెకు తుర్గాయే నేర్పాడు. వాడికి కరాయెల్ అంటే ప్రాణం.

ఆటగాళ్ల ఫోన్లు, మెయిళ్లు, కంప్యూటర్లు అన్నీ గాలించింది. ఏమీ దొరకలేదు. మేనేజర్ షెర్మిన్ మాత్రం ఎర్రకోటు, ఖరీదైన సెంటుతో వెంటే తిరిగింది. విదేశీ ముఠాలో చేరినట్టు నటిస్తూ డిపార్ట్‌మెంటుకు పనిచేస్తున్న మనిషి ఆమె. అందరినీ తానే జల్లెడ పట్టానని భరోసా ఇచ్చింది. నెవ్రా నమ్మింది.

టీమ్ స్నైపర్ ఓర్కున్‌కు పంతొమ్మిదేళ్లు. ప్రతి మ్యాచ్‌కు ముందు షెర్మిన్ ఇచ్చే చీటీ చదువుకుని, ఆట మొదలవగానే తెర మీది గోడను పిస్టల్‌తో కాలుస్తాడు. అదేమిటని నెవ్రా ఒకసారి అడిగింది.

"అడక్కండి హోజమ్," అన్నాడు, కోచ్‌ను గౌరవంగా పిలిచే మాటతో. "చెబితే టోటెమ్ చెడిపోతుంది."

నెవ్రా ఇక రెట్టించలేదు. గెలిపించిన అలవాటును మార్చకూడదన్న పట్టింపు అక్కడ ఇంటింటా ఉన్నదే. ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుంటే ఆమె తల్లి ఎవరినీ కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు. ఒకరి టోటెమ్‌లో ఇంకొకరు వేలు పెట్టరు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఆట మొదలయ్యాక కోచ్ ఆటగాడినిగాని, అతని సామానునుగాని తాకితే మ్యాచ్ పోయినట్టే. నెవ్రా చేతులు కట్టుకుని ఓర్కున్ వెనక నిలబడింది.

ఓర్కున్ కాల్చాడు. గోడ మీద రెండు చిల్లులు. కాస్త ఎడం. నాలుగు చిల్లులు. మళ్లీ ఎడం.

నెవ్రా పాత మ్యాచ్‌ల రికార్డింగులు పదిసార్లు చూసింది, ఆ చిల్లులను ఒక్కసారీ లెక్కపెట్టలేదు. ప్రపంచమంతా చూసే ప్రసారంలోనే అంకెలు వెళుతున్నాయి. ఇంకా ఏడు, మూడు మిగిలాయి. ఒకవేళ ఇదంతా తన భ్రమ అయితే? ఓర్కున్ వేలు మళ్లీ కదిలింది.

ఆమె వంగి మౌస్ వైరు లాగేసింది.

హాలంతా ఈలలు, బూతులు. రిఫరీ మ్యాచ్ అవతలి జట్టుకు ఇచ్చేశాడు. ఓర్కున్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం చేశారు హోజమ్? షెర్మిన్ అక్క ఇచ్చిన టోటెమ్ అది. దాంతోనే రెండుసార్లు గెలిచాం."

అతని ముందున్న చీటీలో షెర్మిన్ రాత: 2-4-7-3. ఆ రెండు గెలుపులూ ఎవరి ప్రాణాలు తీశాయో ఆ కుర్రాడికి తెలియదు. నెవ్రా చీటీ మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం వైపు సైగ చేసింది.

పక్క గుమ్మం దగ్గర, నీళ్లసీసాలు అమ్మేవాళ్ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంటు మనుషులిద్దరు షెర్మిన్ చేతులు విరిచి పట్టుకున్నారు. ఆమె ఎర్రకోటు నలగలేదు.

"ఎప్పుడు కనిపెట్టావు?" అంది షెర్మిన్.

"రెండు శవాలు లేచాక," అంది నెవ్రా. ఆ మాట ఆమెకే గుచ్చుకుంది.

సాయంత్రం నెజాత్ బే ఫోన్ చేశాడు. "తుర్గాయ్ కబురు వచ్చింది. మొదటి వాక్యం కోడ్. క్షేమం. వెంటనే తిరిగి రమ్మన్నాం."

"రెండోది?"

"అది కోడ్ కాదనుకుంటా. కరాయెల్ కోచ్‌ను బోస్ఫరస్ జలసంధిలో ముంచెయ్యమంటున్నాడు."

నెవ్రా విగ్గు తీసి, దానితోనే కళ్లు తుడుచుకుంది.

"వచ్చి తన చేత్తోనే ముంచమనండి."