వంద దాటిన అంకె

రేవు పక్కనున్న నా రిపేరు కొట్టులో మధ్యాహ్నానికే చీకటి పడినట్టుంటుంది. సోల్డరింగ్ పొగ, డీజిల్, నానిన తాళ్లు, అన్నీ కలిసిన వాసన. బావ పడవేసుకుని సముద్రం మీదికి వెళ్లి నాలుగు రోజులైంది. తిరిగి రాలేదు. అక్క నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఇంకో మీటర్ చెయ్యరా. ఆయన వచ్చాక కావాలి కదా," అంది.

కాదనడానికి నాకు మొహం లేదు. ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూపించే పాత ముల్లు మీటర్ పాడైతే, బదులుగా అంకెలు చూపించే మీటర్ చేసి బిగించింది నేనే. "నీ చెయ్యి పడితే చచ్చిన రేడియో కూడా లేచి పాడుతుందిరా బామ్మర్దీ," అని వీపు మీద చరిచి వెళ్లాడు బావ.

తప్పు నాదే. ట్యాంకులోకి దించిన కడ్డీ డీజిల్‌లో ఎంత మునిగితే అంత అంకె వస్తుంది. ఒడ్డుకు లాగిన పడవ వెనక్కి వాలి ఉంది, డీజిల్ నా కడ్డీకి దూరంగా జరిగింది. ఆ లెక్కనే అంకెలు సరిచేశాను. పడవ నీళ్లలో సమంగా నిలిచాక ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నీళ్లలోకి దించాక ఇంకోసారి సరిచూడాలి. ఆకలేస్తోందని వదిలేశాను. అక్కకి ఈ మాట ఇంకా చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు ప్రతి అతుకూ మూడేసిసార్లు చూస్తున్నాను.

సాయంత్రానికి పనైంది. బ్యాటరీ తగిలించాను. కడ్డీ బల్ల మీద పొడిగా ఉంది. సున్నా రావాలి.

తొమ్మిది వచ్చింది.

కడ్డీని గుడ్డతో తుడిచాను. ఎనిమిది.

"తగ్గుతోందేంట్రా?" అక్క స్టూలు ముందుకి జరుపుకుంది.

"వైరు ఎక్కడో..."

వైరు బాగానే ఉంది. ఏడు. బ్యాటరీ పీకేశాను. అంకె పోలేదు. ఆరు...

అక్క మీటర్‌ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. "ఇది చూపిస్తోంది ఆయన ట్యాంకునేరా. ఇంజిన్ ఆపెయ్యమని చెప్పు. మిగిలింది దాచుకోమను..."

ఎవరికి చెప్పను? అయినా చెప్పాను, మీటర్ అద్దానికి నోరు ఆనించి. "బావా... ఆపెయ్ బావా..."

మూడు. రెండు. ఒకటి.

సున్నా.

అంతలో ఇరవై. యాభై. తొంభై.

"నిండుతోంది!" అక్క ఏడుస్తూనే నవ్వింది. "ఎవరో డీజిల్ పోశారు! ఒరేయ్, బతికే ఉన్నారు!" మీటర్ నా చేతిలో పెట్టి రేవు వైపు పరుగెత్తింది.

వంద... నూట నలభై... మూడు వందలు.

డీజిల్ ఎంత పోసినా అంకె వంద దాటదు. డీజిల్‌లో పారని కరెంటు ఉప్పునీళ్లలో పారుతుంది, కడ్డీ ఆ నీళ్లలో మునిగితేనే అంకె అలా ఎగబాకుతుంది. ఆ ట్యాంకు నిండా సముద్రమే. నేనే చంపాను... అక్కకి ఏమని చెప్పను?

అప్పుడు అంకె దిగడం మొదలుపెట్టింది. రెండు వందలు. వంద. నలభై... ఆ పడవని ఎవరో నీళ్లలోంచి పైకి లాగుతున్నట్టు. సున్నా.

రేవులో ఇంజిన్ చప్పుడు లేదు. తెడ్డు చప్పుడూ లేదు. అక్క గొంతు మాత్రం వినిపించింది, మెల్లగా, ఎంతో ప్రేమగా.

"అయ్యో, ఎంత తడిసిపోయారు... తమ్ముడా? లోపలే ఉన్నాడు. పదండి."