వానకు మార్కులు వేయని రివ్యూ

"మేడం, ఆ కొండ ఎక్కకండి. పడిపోతారు."

"నాకేమీ చెప్పకూడదని మీ రూలు కదా?"

"చెప్పకూడదు. కానీ ఇప్పటికి నాలుగుసార్లు చచ్చిపోయారు. చూస్తూ ఊరుకోలేకపోతున్నాను."

ఆమెకు ఒళ్ళు మండింది. చేతిలోని గేము కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, పక్క కుర్చీలో ఉన్నవాడి వైపు మొదటిసారి తిరిగి చూసింది. మెడలో కంపెనీ కార్డు, చెదిరిన జుట్టు, ఏదో తప్పు చేసినట్టు ముఖం.

"నేను చస్తే మీకేంటండీ? మళ్ళీ పుడతాను. గేమే కదా!"

"పుడతారనుకోండి. కానీ ప్రతిసారీ నది ఒడ్డు నుంచి నడుచుకుంటూ రావాలి. మీకు కాళ్ళు నొప్పెడతాయేమోనని..."

నవ్వు వచ్చింది. కానీ పరాయి మనిషి ముందు నవ్వడమేమిటని పెదవి కొరుక్కుని, మళ్ళీ తెర వైపు తిరిగి, పట్టుదలగా అదే కొండ ఎక్కింది. పడింది.

"అయిదు," అన్నాడతను మెల్లగా.

'తొమ్మిది కొండల నేల' అనే ఆ గేము కోసం కుర్రకారంతా ఏళ్ళ తరబడి కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది. ఓపెన్ వరల్డ్ గేము అది. ఇటే వెళ్ళాలి, ఇదే చేయాలి అని ఉండదు. కొండలు, ఊళ్ళు, అడవులు అన్నీ తెరిచి పెట్టి, నీ ఇష్టం వచ్చిన చోటికి పొమ్మంటుంది. రిలీజుకు ముందు రివ్యూలు రాసేవాళ్ళను కంపెనీయే తన ఆఫీసుకు పిలిచి ఆడించింది. మనిషికో గది, గదికో పెద్ద తెర. కంప్యూటరు ఆగిపోతే సరిచేయడానికి పక్కనే ఒక ఉద్యోగి. గేము గురించి మాత్రం అతను నోరు విప్పకూడదు.

ఆమె అక్క గేముల మీద ఒక చిన్న వెబ్‌సైట్ నడుపుతోంది. చదువు ముగిసిన దగ్గర్నుంచీ అక్కడే రివ్యూలు రాస్తోంది. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలదు గానీ, రాయడానికి కూర్చుంటే ఎంత పెద్ద కంపెనీకీ జంకదు. పదికి ఎనిమిది మార్కులు వేయాలంటే ఒంటి మీది నగ ఒలిచి ఇచ్చినంత బాధపడుతుంది. అందుకే పాఠకులు ఆమెకు 'పిసినారి' అని పేరు పెట్టారు. తిట్టుకుంటూనే, ఆమె రివ్యూ చూశాకే గేము కొంటారు.

ఇక పక్క కుర్చీలోని అతను ఆ గేములో వాన తయారుచేసినవాడు. మబ్బు, చినుకు, తడిసిన గోడ, బురద, అన్నీ అతని చేతిపనే. కంపెనీలో అందరూ 'వానబ్బాయి' అంటారు.

మధ్యాహ్నానికి తెర మీద ఆకాశం నల్లబడింది. ఆమె గబగబా ఒక రేకుల పాకలోకి దూరింది.

"ఒక్క నిమిషం కదలకండి," అన్నాడతను.

"మళ్ళీ రూలు తప్పుతున్నారు."

"ఇది గేము గురించి కాదండీ. వాతావరణం గురించి."

ఆమె కదలలేదు. రేకు మీద చినుకులు టపటపమన్నాయి.

"ఇప్పుడు రెండడుగులు బయటికి రండి. మట్టి మీద పడే చప్పుడు వేరు, విన్నారా? దానికోసం మూడు నెలలు మైకు, బకెట్ పట్టుకుని మా డాబా మీదే తిరిగాను. మా అమ్మ నన్ను డాక్టరుకు చూపిద్దామంది."

"చూపించారా?"

"డాక్టరుకు కూడా వాన చప్పుడు వినిపించాను. ఆయన ఫీజు తీసుకోకుండా పంపించేశాడు."

ఈసారి నవ్వు ఆగలేదు. పక్క గదిలో వాళ్ళు తలుపు తీసి చూసేంత గట్టిగా నవ్వి, వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

అలా మూడు రోజులు గడిచాయి. మూడో రోజు సాయంత్రం బస్సులోనే రివ్యూ రాసేసి అక్క చేతిలో పెట్టింది. అక్క కళ్ళజోడు సవరించుకుని చివరి లైను చూసి ఉలిక్కిపడింది.

"తొమ్మిదా! ఏమే, ఒంట్లో బాగానే ఉందా?"

"గేము చాలా బాగుందక్కా."

"ఏం బాగుంది?"

"కొండ మీంచి పడిపోతుంటే భలే నవ్వొస్తుంది. వంతెన దగ్గర ఒక గుర్రం కుంటుతూ ఉంటుంది. ఎందుకో తెలుసా? దాని నడక చేసినాయన ఆ వారమే మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. అలా కుంటి కుంటి చూసుకుంటూ చేశాడట!"

"అట, అట అంటున్నావ్. ఇదంతా గేములో ఉంటుందా?"

ఆమె తల దించుకుని బ్యాగు జిప్పు లాగసాగింది.

"ఎవరు చెప్పారే?"

"పక్కన... ఒకాయన కూర్చున్నాడు."

అక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఈ తొమ్మిది గేముకా? ఆ పక్కనాయనకా?"

తల తీసేసినట్టయింది ఆమెకు. అక్క వేళాకోళానికే అన్నా, పక్కన ఎవరూ లేకుండా మళ్ళీ ఆడితే గానీ అది తేలదనుకుంది.

కంపెనీ రివ్యూ కోసం ఇంటికి కూడా ఒక కాపీ పంపింది. తలుపు వేసుకుని, ఒంటరిగా మొదటి నుంచి మొదలుపెట్టింది. కొండ మీంచి పడింది. నవ్వు రాలేదు, విసుగొచ్చింది. గుర్రం కుంటింది, అంతే. ఏ ఊరికి వెళ్ళినా అదే బావి, అదే అంగడి, ఎవరిని పలకరించినా అవే మూడు మాటలు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన పెద్ద బంగళాలో గది గదికీ తిరుగుతున్నట్టుంది. ఇన్ని కొండలు పోసినవాళ్ళు మనుషుల్ని మరిచిపోయారనిపించింది.

అంతలో వాన పడింది. ఆమె రేకుల కింద నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

తర్వాత రివ్యూ మొత్తం కొట్టేసి కొత్తగా రాసింది. వాన గురించి ఒక పేరా రాసి, కొట్టేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ కొట్టేసింది. చివరికి వాన ఊసే లేకుండా, పదికి ఆరు వేసి అక్క ముందు పెట్టింది.

అక్క మొత్తం చదివి, "ఖాయమేనా?" అంది.

"ఖాయమే."

"మరి ఆ అబ్బాయి బాధపడడూ?"

కళ్ళు చెమ్మగిల్లాయి. "చదివేవాళ్ళు దీన్ని కొనుక్కుని ఇంట్లో ఆడుకుంటారక్కా. వాళ్ళ పక్కన ఆయన కూర్చోడు కదా!"

రివ్యూలన్నీ ఒకేరోజు, ఒకే గంటకు బయటికొచ్చాయి. అందరూ తొమ్మిది, తొమ్మిదిన్నర. ఎక్కడ చూసినా 'అద్భుతం', 'చరిత్ర'. మధ్యలో ఈమె ఆరు ఒక్కటే పంటి కింద రాయిలా ఉంది. కామెంట్లలో జనం దుమ్మెత్తి పోశారు. 'పిసినారికి కళ్ళు కూడా లేవని ఇప్పుడే తెలిసింది' అని ఒకడు రాస్తే వెయ్యిమంది చప్పట్లు కొట్టారు. అవన్నీ ఆమె ఓపిగ్గా చదివింది. ఏదీ పెద్దగా గుచ్చుకోలేదు. వాటిల్లో అతనిది లేకపోవడమే గుచ్చుకుంది.

రెండు రోజుల తర్వాత అతనే వచ్చాడు.

వాళ్ళ ఆఫీసంటే కుట్టుమిషన్ల దుకాణం మీద ఒక గది. రెండు బల్లలు, మధ్యలో అడ్డుగా ఒక బీరువా. బీరువాకు అవతల అక్క. గుమ్మంలో అతన్ని చూడగానే ఆమె లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచింది.

"మంచినీళ్ళు తాగుతారా?"

"తిట్టడానికి వచ్చినవాడికి మంచినీళ్ళు ఇస్తారా?"

"తిట్టాక గొంతెండుతుంది కదండీ."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. "మా వాళ్ళంతా నా మీద పడ్డారు. 'మూడు రోజులు పక్కన కూర్చున్నావు, అందరికంటే తక్కువ మార్కులు నీ మనిషే వేసింది' అని. నాకు మార్కుల బాధ లేదు. ఊళ్ళన్నీ ఒకేలా ఉన్నాయన్నారు. నిజమే. మాకూ తెలుసు. సరిచేసే టైము లేకపోయింది."

"మరి?"

"వాన." అన్నాడతను. "ఆరేళ్ళు చేశానండీ. మీ రివ్యూ మూడుసార్లు చదివాను, ఎక్కడైనా ఉందేమోనని. బాగాలేదని రాసినా సంతోషించేవాణ్ణి. ఒక్క ముక్క లేదు. ఆ గదిలో మీరు ఆగి విన్నారు, నవ్వారు. అదంతా మొహమాటమేనా?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఇదే రాయమంటే ఈపాటికి రెండు పేజీలు రాసేది.

"మీ వానకు నేను మార్కులు వేయలేనండీ."

"అంత ఘోరంగా ఉందా?"

"అయ్యో, అది కాదు!" ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అదే ఊపులో చెప్పేసింది. "ఇంటి దగ్గర ఒక్కదాన్నే ఆడాను. మీరు పక్కన లేకపోతే కొండ ఎలా ఉంటుందో, గుర్రం ఎలా ఉంటుందో, అన్నీ తెలిశాయి. వాన ఒక్కటే తెలియలేదు. చినుకు పడగానే మీ మాటే వినబడేది. డాబా మీద మూడు నెలలు, బకెట్, మీ అమ్మగారు, ఆ డాక్టరు... కంట్రోలర్ కింద పెట్టేసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. వాన బాగుందో, నాకే బాగుందో ఎలా చెప్పను? తెలియనిదానికి మార్కులు వేస్తే అబద్ధమవుతుంది."

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే... ఈసారి చేసే గేములో..."

"ఈసారి మీరు చేసే గేముకు ఇంకెవరైనా రివ్యూ రాస్తారు. నేను రాయను."

"ఎందుకని?"

ఆమె చూపు నేల మీద ఏదో వెతికింది. "మా ఆఫీసులో ఒక రూలుంది. బంధువులు చేసిన గేములకు రివ్యూ రాయకూడదు."

అతను అమాయకంగా చూశాడు. "కానీ మనం బంధువులం కాదు కదండీ?"

బీరువా అవతల నుంచి అక్క గొంతు వినిపించింది. "మన దగ్గర అలాంటి రూలేమీ లేదే పిల్లా!"

"ఇవాళ్టి నుంచి ఉందక్కా," అంది ఆమె.

వానబ్బాయి ముఖంలోకి నవ్వు మెల్లమెల్లగా, నమ్మకం చిక్కుతున్న కొద్దీ పెరుగుతూ వచ్చింది. బీరువా అవతల కుర్చీ జరిగింది. అక్క కళ్ళజోడు పెట్టుకుని ఇవతలికొచ్చి, అతన్ని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది.

"ఏం బాబూ, అర్థమైందా? లేక దానికి కూడా మూడు నెలలు పడుతుందా?"

"అయిందండీ."

"సరే, కూర్చో. మీ అమ్మగారి నంబరు చెప్పు. రూలు పెట్టాక పక్కాగా ఉండాలి."