మొదటి రోజు మునక

"మళ్లీ చెప్పుల కాపలాయేనా?"

సూర్యలంక ఇసుకలో కాలు పెట్టామో లేదో, హరిత అప్పుడే మొదలుపెట్టింది.

"ఎవరో ఒకరు సూడాలె గదా," అన్నాను, జతలన్నీ వరసగా పేరుస్తూ.

"భయపడకు. సముద్రం నిన్ను మింగదులే. మింగినా అరగదు."

చూశారా ఆ నోరు! నాచారంలో మా ఇంటి పై పోర్షన్‌లో ఉంటుంది కాబట్టి రోజూ పొద్దున్నే ఈ నోటిని భరించాలి. భరించడం ఏమిటి, అది వినకపోతే నాకు టీ దిగదు. ఈ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. అయినా ఇంతవరకూ ఇద్దరం ఒక్క ముక్క బయటికి అనుకోలేదు.

ఏటా మే నెలలో మా రెండు కుటుంబాలూ ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర సుమో ఎక్కి ఇక్కడికి రావడం అలవాటు. ఆ ఏడు మాత్రం వస్తామో రామో అనుకున్నాం. రాష్ట్రం రెండవ్వాలా వద్దా అని టీవీల్లో రోజంతా అరుపులు. కింద మా ఇంట్లో ఒక ఛానెల్, పైన వాళ్లింట్లో ఇంకో ఛానెల్. హరిత వాళ్ల మామ్మ అన్నపూర్ణమ్మ గారే "సముద్రానికి అవన్నీ ఏం తెలుసు, పదండి" అని అందర్నీ బండెక్కించింది.

ఆ మామ్మదే ఒక చట్టం ఉంది. హరిత నాన్న చలపతిరావు గారు ఒకసారి వచ్చీ రాగానే ఆఫీసు గొడవలు మొదలుపెట్టి అందరి సరదా పాడుచేశారు. అప్పటినుంచి మొదటి రోజంటే తినడం, పడుకోవడం, కబుర్లు. అంతే. ఉద్యోగం, చదువు, రాజకీయం, పెళ్లి, వీటిలో ఏ మాట ఎత్తినా కట్టుబట్టలతో సముద్రంలో మునక వేయాల్సిందే. పెద్దా చిన్నా తేడా లేదు.

నాకు ఇంతకంటే మంచి రోజు లేదు. సరుగుడు చెట్ల కింద చాప, తాటిముంజెలు, నీళ్లకు ఆమడ దూరం.

"ఉపేందర్, ఇటు రా," అంది హరిత. ఈసారి గొంతులో వెటకారం లేదు. చెట్ల వెనక్కి వెళ్లాను.

"రేపు పొద్దున గుంటూరు నుంచి ఇక్కడ మన బసకే పెళ్లిచూపులకి వస్తున్నారు. నాన్న దారిలో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. ఫోటో చూసి వాళ్లు ఎప్పుడో ఓకే అనేశారట. రేపు నాన్న సరే అంటే అయిపోయినట్టే. ఆయన మాటిస్తే వెనక్కి తీసుకోరు."

"మరి... ఎట్ల?"

"నన్నడుగుతావేంటి? నీకేమైనా చెప్పాలని ఉంటే ఇవాళే చెప్పాలి."

"ఇయ్యాల మొదటి రోజు గదా! పెండ్లి మాట ఎత్తితే సముద్రంల ముంచుతరు."

హరిత నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నీకు నీళ్లంటే భయమా, మా నాన్నంటే భయమా?"

"నిజం జెప్పాల్నా? రెండూ."

"అయితే పో, చెప్పులు చూసుకో. అడగందే అమ్మైనా పెట్టదు."

చున్నీ విసురుగా భుజాన వేసుకుని వెళ్లిపోయింది. కళ్లలో నీళ్లు నేను చూడకూడదనే ఆ విసురు.

మధ్యాహ్నం అందరూ హాయిగా గురక పెట్టారు. నాకు మాత్రం రెప్ప పడలేదు. చలపతిరావు గారు మంచివారే. మా అమ్మ మల్లవ్వ దవాఖానాలో ఉన్నప్పుడు రోజూ క్యారియర్ మోసింది ఆయనే. కానీ క్యారియర్ మోయడం వేరు, కూతుర్నివ్వడం వేరు. కులం వేరు, యాస వేరు, చివరికి చూసే ఛానెల్ కూడా వేరు.

సాయంత్రం అందరూ ముంజెల చుట్టూ చేరారు. హరిత నావైపు చూడటమే మానేసింది. ఆమె తిట్టినా తట్టుకుంటాను గానీ ఇది తట్టుకోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అంకుల్, ఒక మాట."

"చెప్పవయ్యా. ఇంకో ముంజె కావాలా?"

"ముంజె కాదు. పెండ్లి ముచ్చట."

మామ్మ నోటి దాకా వెళ్లిన ముంజె అక్కడే ఆగిపోయింది. "ఒరేయ్ అబ్బాయ్, మునక తప్పదు మరి!"

"మునుగుత మామ్మా. ముందుగాల చెప్పనియ్." గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. "హరితంటే నాకు పాణం అంకుల్. ఎన్నేండ్ల సందో చెప్దామనుకుంటున్న, ధైర్యం సాలలేదు. నాకు మంచి నౌకరి ఉన్నది..."

"ఉద్యోగం మాట కూడానా! రెండు మునకలు!" అంది మామ్మ.

"రెండూ మునుగుత. ఆమెకు ఇష్టమైతే నేను చేసుకుంట. రేపొచ్చేటోళ్లను జర ఆపుండ్రి."

చలపతిరావు గారి ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు. ఆ తర్వాత మహా తెలివిగా, "ఇవాళ మొదటి రోజు. ఈ మాటలు వద్దు. రేపు చూద్దాం," అన్నారు.

రేపు! రేపటికి గుంటూరు వాళ్లు గుమ్మంలో ఉంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే గబగబా సముద్రం వైపు నడిచాను. పాదాలు తడిశాయి, మోకాళ్లు తడిశాయి, నడుము తడిసింది. ఒక అల వచ్చి నన్ను మడతపెట్టేసింది. లేవబోతే రెండో మునక కూడా తనే వేయించింది. ముక్కు నిండా ఉప్పు, చెవుల్లో హోరు. ఇక పోయాననే అనుకున్నాను.

ఎవరో కాలరు పట్టి లేపారు. హరిత! కొత్త చుడీదార్‌తో నడుము లోతు నీళ్లలో ఉంది.

"నాన్నా! నేను చెప్పేదీ పెళ్లి మాటే!" అని ఒడ్డు వైపు తిరిగి అరిచింది. "నాకూ ఇతనే కావాలి! రేపు వాళ్లొస్తే నేను గదిలోంచి బయటికి రాను!" ముక్కు మూసుకుని బుడుంగున మునిగి లేచింది.

మా అమ్మ కొంగు బొడ్లో దోపింది. "అన్నా, మా పోరడు బకెట్ల నీళ్లు జూసినా జడుసుకుంటడు. నీ బిడ్డ కోసం సముద్రంల దిగిండు. ఇంకేం జూడాలె? హరిత నాకు కోడలైతే మస్తు సంతోషం. ఇగ నేను గూడ మాట్లాడిన గదా, నేను గూడ మునుగుత!" అంటూ చీరతోనే వచ్చేసింది.

ఒడ్డున తల్లీ కొడుకూ మిగిలారు. మామ్మ గొంతు మా దాకా వినిపించింది.

"ఏరా చలపతీ, వాళ్లంతా తడిసి ముద్దయిపోతుంటే నువ్వొక్కడివీ ఇస్త్రీ బట్టల్లో నిలబడతావా? పిల్ల మనసు తెలిశాక ఇంకా రేపేంట్రా? అవునను, కాదను. ఏదన్నా నీకు మునక తప్పదు."

ఆయన కూతురి వైపు చూశారు. హరిత నా కాలరు ఇంకా వదల్లేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీశారు.

"చలపతిరావునండీ. రేపు మీరు రావద్దండి, ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి కుదిరిపోయింది." అవతల గాలికి వినపడలేదేమో, ఈసారి గట్టిగా అన్నారు. "కుదిరిపోయిందండీ! మా ఇంటి అబ్బాయే!"

ఫోన్ తల్లి చేతిలో పెట్టి, ఇస్త్రీ ప్యాంటుతోనే నీళ్లలోకి వచ్చి నా పక్కన మునిగి లేచారు.

"ఏవయ్యా, ఈత వచ్చా?"

"రాదంకుల్."

"నేర్చుకో. మాది బాపట్ల. అల్లుడు నీళ్లలో కాలరు పట్టించుకుంటే మా ఊళ్లో నా పరువు పోతుంది."

అల్లుడు! మా అమ్మ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసిందంటే నమ్ముతారా? వేసింది.

హరిత ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఇందాక మా నాన్నతో ఏదో అన్నావు. నాతో ఎప్పుడూ అనలేదే. మళ్లీ చెప్పు."

"అందరున్నరు."

"ఉండనీ."

దూరంగా పెద్ద అల ఒకటి లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఊరంతా వినపడేలా అరిచాను. "హరితా! నువ్వంటే నాకు పాణం!"

అల ఇద్దర్నీ కలిపి ముంచేసింది. లేచేసరికి ఆమె నవ్వుతూ జుట్టు పిండుకుంటోంది.

"ఇంకోసారి," అంది.