ఆరో ఉలి

నిజానికి అతను ఆ షాపు మెట్లెక్కింది కొత్త ఉలులకు పదును పెట్టించుకోవడానికి. సంచిలో పెట్టె, పెట్టెలో మెత్తటి గుడ్డ మీద తళతళలాడుతూ ఆరు ఉలులు ఉన్నాయి. అయిదేళ్ళు వడ్రంగి మేస్త్రి దగ్గర పనిచేసి, అక్క ఇంటి వెనక షెడ్డులో సొంత పని మొదలుపెట్టబోతూ, మోజుపడి కొనుక్కున్న ఖరీదైన సెట్టు. ఎంత ఖరీదైనా సరే, కొత్త ఉలిని రాయి మీద రుద్ది పదును తేకపోతే చెక్క మాట వినదు. ఆ పనికైనా, పాత ఉలుల్ని బాగుచేసి అమ్మడానికైనా ఈ షాపుకి మించింది లేదని అందరూ చెప్పారు.

లోపల ఒకమ్మాయి తుప్పు పట్టిన ఉలిని సానరాయి మీద రుద్దుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరినో కడిగేస్తోంది.

"పెట్టె బాగుందని ఉలులు కొన్నావా? అయితే ఆ పెట్టెతోనే చెక్కుకో," అని ఫోను పెట్టేసి, అతని వైపు తిరిగింది. "మీకేం కావాలండీ?"

సంచిలోకి వెళ్ళిన అతని చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"పాత ఉలులండీ."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియదు. ఆ కళ్ళు చూశాక పెట్టె బయటికి తీసే ధైర్యం మాత్రం లేకపోయింది.

"ఎన్ని కావాలి?"

"ఆరు."

"ఒకేసారి కుదరదండీ. తుప్పు వదిలించాలి, పిడి మార్చాలి, పదును తేవాలి. వారానికొకటి ఇస్తాను."

వారానికొకటి అంటే ఆరు శనివారాలు. మనసు ఎగిరి గంతేసింది. పైకి మాత్రం బెట్టుగా, "సరే, చూద్దాం లెండి," అన్నాడు.

"చెయ్యి ఇలా పెట్టండి. పిడి మీ చేతికి సరిపోవాలి కదా." కాగితం మీద అతని అరచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కనే అతని అడ్రసు రాసుకుంది. "ఇంత చెమటేంటండీ?"

"ఫ్యాను లేదు కదండీ."

"మీ నెత్తి మీదే తిరుగుతోంది."

అలా మొదలైంది. శనివారం వస్తే చాలు, అతను నున్నగా గడ్డం గీసుకుని హాజరు. ఆమె ఇచ్చిన ఉలి తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోవాల్సినవాడు, పాత ఇనుము గురించి ఎక్కడలేని సందేహాలూ అడుగుతూ గంట కూర్చునేవాడు. అడిగిందే అడిగినా ఆమె విసుక్కునేది కాదు.

మూడో శనివారం ఒక ఘనకార్యం చేశాడు. ఆమె ఎడమ చేతి మీద అక్కడక్కడా వెంట్రుకలు లేకపోవడం గమనించి, పాపం ఏదో చర్మం జబ్బనుకుని, మందుల షాపులో అడిగి మరీ ఒక ట్యూబు పట్టుకొచ్చాడు.

ఆమె ట్యూబునీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "ఉలికి పదునొచ్చిందో లేదో ఎలా చూస్తారు మీరు?"

"చెక్క మీదండీ."

"మేం చేతి మీద చూస్తాం. ఇలా గీస్తే వెంట్రుకలు తెగాలి. తెగని ఉలి మా షాపు గడప దాటదు."

లోపల్నుంచి ఆమె నాన్న కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నాదీ అదే జబ్బు బాబూ. ముప్పై ఏళ్ళయింది. ఇంకో ట్యూబుంటే ఇటివ్వు."

ఆ రోజు ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇంటికెళ్ళాక అతనికి నవ్వు రాలేదు. షెడ్డులో గోనెపట్టా కింద ఆ పెట్టె అలాగే ఉంది. చెప్పేద్దామని ప్రతి శనివారం అనుకోవడం, ఆమె ఎదురుపడగానే మళ్ళీ పాత ఇనుము సంగతులే అడగడం. చెబితే ఆమె మళ్ళీ ముఖం చూడదేమో. చెప్పకపోతే ఆరోదానితో రాకపోకలే ఆగిపోతాయి.

ఆరో శనివారం ఆమె, "ఇంకా అవలేదండీ," అంది. అతను దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం జోరున వాన. పక్క వీధి నుంచి అతను చెక్క పలక మోసుకుని షెడ్డులోకి వచ్చేసరికి, ఆమె అక్కడ కూర్చుని, గొడుగు పక్కన పెట్టి తల తుడుచుకుంటోంది. ఆరో ఉలి ఒళ్ళో ఉంది. ఆమెకి చోటివ్వడానికి గోనెపట్టా జరిపిన అక్క, మామూలుగా మాట్లాడేస్తోంది. "మావాడి ఉలుల పెట్టె అమ్మా. ముచ్చటపడి కొని రెండు నెలలైంది, మూత తీసిన పాపాన పోలేదు."

అతని భుజం మీంచి పలక జారింది.

ఆమె మూత తీసి చూసింది. "మా షాపుకి రాకముందే కొన్నారా?"

"అవునండీ."

"అంటే మీకు పాతవి అక్కర్లేదు. నేను వేళ్ళు అరగదీసుకుంటుంటే కూర్చుని తమాషా చూశారు."

"తమాషా కాదండీ. పదును పెట్టించుకుందామనే వచ్చాను. ఫోనులో మీరన్న మాట విని భయపడ్డాను. తర్వాతేమో, చెబితే మిమ్మల్ని చూడటం కుదరదని భయపడ్డాను."

ఆమె కొత్త ఉలి ఒకటి తీసి చేతి మీద గీసింది. ఒక్క వెంట్రుకా తెగలేదు. వెలుతురులో తిప్పి చూస్తే ఫ్యాక్టరీ గీతలు కూడా చెరగలేదు. అప్పుడు బల్ల మీద వరసగా పెట్టిన తన అయిదు ఉలుల్నీ చూసింది. పిడులు అతని చేతి చెమటకి నల్లబడి ఉన్నాయి.

"ఇక్కడున్న పనంతా వీటితోనే చేశారా?"

"అంతా వాటితోనే."

"రాయి ఇలా ఇవ్వండి."

అక్క టీ పెట్టడానికి ఇంట్లోకి వెళ్ళింది. పావుగంట సేపు రేకుల మీద వాన, రాయి మీద ఉలి. మళ్ళీ చేతి మీద గీసి, చేదు మందు మింగినట్టు ముఖం పెట్టి, "మంచి ఉక్కే," అంది. "గట్టి చెక్కకి ఇవి వాడండి, సన్నపనికి నావి. ఆ రోజు నేను తిట్టింది మా బాబాయిని. మిమ్మల్ని కాదు."

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అతనికి అర్థమైంది.

"ఆరోది కూడా తెచ్చేశారు. ఇక మీ షాపుకి రావడానికి నాకు పనేం లేదు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది."

టీ కప్పులతో వస్తున్న అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆమె ఒళ్ళో ఉన్న ఉలిని చూసుకుంటూ, "ఇది పోయిన గురువారమే అయిపోయింది," అంది నెమ్మదిగా.

"మరి శనివారం అవలేదన్నారు?"

"సొరుగులో దాచాను. ఇచ్చేస్తే మీరు మళ్ళీ రారని."

అక్క కప్పులు బల్ల మీద పెట్టి, ఆమె పక్కనే చతికిలబడింది. "మీ నాన్నగారితో ఎప్పుడు మాట్లాడమంటావమ్మా?"

"ఎప్పుడైనా రండి వదినా. పొద్దున ఆయనే సొరుగు తీసి చూసి, వానైనా సరే ఇచ్చి రమ్మని గొడుగు చేతికిచ్చి పంపారు."