దిగేముందు తీసిన ఫొటో

పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ అది. గ్లాసు బల్ల దాకా తేవడానికే షఫీక్ చొక్కా కొసతో పట్టుకోవాల్సి వచ్చింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ మాత్రం దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, మంచినీళ్ళు తాగినట్టు తాగేసి, ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. నోరు కాలలేదా అక్కా అని అడగబోయి షఫీక్ ఊరుకున్నాడు.

"మా ఆయన పడ్డాడా, దూకాడా? అదొక్కటి చెప్పండి మేడం," అందావిడ.

గుంటూరు బ్రాడీపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైన ఉంటుంది డిటెక్టివ్ జయకుమారి ఆఫీసు. చర్చి బళ్ళో లెక్కల టీచరుగా ఉండి, అది మానేసి ఈ పనిలోకి దిగిన మనిషి. కాపీ కొట్టినవాణ్ణి పరీక్ష హాలు గుమ్మంలో నిలబడే పట్టేసేదని పాత శిష్యులు చెప్పుకుంటారు. ఇక ఆవిడ సహాయకుడు షఫీక్‌ని అడిగితే, మేడం చూపు పడితే గోడ కూడా నిజం చెప్పాల్సిందే అంటాడు. కాస్త ఎక్కువే చెబుతాడు, కానీ నమ్మే చెబుతాడు.

వచ్చినావిడ పేరు మెహర్. ఊరు నరసరావుపేట. భర్త అయూబ్ మోటార్లకు వైండింగ్ చేసేవాడు. వెర్రి వెయ్యి విధాలంటారు కదా, అయూబ్ వెర్రి బల్లకట్ల మీద. రెండు ఇనప పడవల మీద చెక్కలు పరిచి, పక్కన ఇంజను పడవ కట్టి, లారీలనీ ఆటోలనీ మనుషులనీ కృష్ణ దాటించే బల్లకట్టును చూసి మురిసిపోయేవాళ్ళుంటారని షఫీక్‌కి ఆ రోజే తెలిసింది. ఉంటారు, వాళ్ళకో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. ఆదివారం వస్తే ఏదో ఒక రేవుకు పోవడం, అవతల ఒడ్డున ఏ పనీ లేకుండా పొద్దస్తమానం అటూ ఇటూ తిరగడం, ఫొటోలు తీయడం. వంతెనలు వచ్చేస్తున్నాయి, ఇవి ఇక ఉండవు, ఉన్నన్నాళ్ళన్నా ఎక్కుదాం అనేవాడట అయూబ్.

దాచేపల్లి అవతల గుండ్లరేవులో ఆయన బల్లకట్టు మీంచి ఏట్లో పోయాడు. శవం మర్నాడు దొరికింది. గ్రూపుకు పెద్ద, ఆయన ప్రాణస్నేహితుడు అయిన కాలేజీ లెక్చరరు శ్యామ్ సుందర్ కళ్ళారా చూశానన్నాడు. బల్లకట్టు అంచున అడ్డంగా కట్టే గొలుసు మీంచి అయూబ్ కాలు అవతలికి వేసి దూకేశాడని, ఈ మధ్య మనిషి దిగులుగా ఉంటున్నాడని పోలీసులకు చెప్పాడు.

"ఆ పొద్దున నేనో మాటన్నాను," అంది మెహర్. గొంతులో ఏ మార్పూ లేదు, బియ్యం ధర చెబుతున్నట్టే ఉంది. "ఇంట్లో ఒక్క ఆదివారం ఉండవు, అసలు ఇంటికి రాకపోయినా ఫర్వాలేదు పో అన్నాను. ఆయన రాలేదు. మా అత్త నా మొహం చూడట్లేదు. శ్యామ్ గారు అంతలా ఏడ్చారు, ఈమెకు కంట చుక్క రాలేదని అందరూ అంటున్నారు. నిజమే, రాలేదు. ఏడుపూ రావట్లేదు, ఆకలీ వేయట్లేదు."

లోకులు పలుగాకులని ఊరికే అనలేదు. ఏడిస్తే నాటకమంటారు, ఏడవకపోతే రాయంటారు. షఫీక్‌కి ఒళ్ళు మండింది. జయకుమారి మాత్రం ఆయన తీసిన ఫొటోలు చూడాలి, ఇంటికి వస్తాం అని మాత్రమే అంది.

నరసరావుపేటలో ఆ ఇంటి ముందుగది నిండా బల్లకట్లే. చక్కగా తీశాడు, కాదనలేం. నడి ఏట్లో తీసినవే అన్నీ. ముందుకు వెడల్పాటి చెక్కలు, వాటి కొసన నీళ్ళు, అంతే. అడ్డంగా ఏమీ లేదు. పాతకాలంలో ఎలా ఉండేవో అలాగే కనిపించాలని వీళ్ళ పట్టుదలట. ప్లాస్టిక్ డబ్బా, ఎర్రగుడ్డ, రాయీ రప్పా ఏది కనిపించినా గ్రూపులో ఎగతాళి చేస్తారట. జయకుమారి ఆ పటాల ముందు చాలాసేపు నిలబడి, తర్వాత మెహర్ ఫోన్‌లో గ్రూపు తెరిపించింది.

అందం కోసం తీసే ఫొటోలు కాక, హాజరు లెక్కకు గ్రూపుకు ఒక నియమం ఉంది. ఎక్కిన ప్రతిసారీ మూడు ఫొటోలు పెట్టాలి: బండ్లు ఎక్కేటప్పుడు ఒకటి, నడి ఏట్లో ఒకటి, దిగేముందు ఒకటి. ఆ రోజు మొదటి రెండూ అయూబ్ పెట్టాడు. మూడోది శ్యామ్ సుందర్ పెట్టాడు, 'అయూబ్ చివరి ప్రయాణం' అని రాసి. దాని కింద అందరూ దణ్ణాలు పెట్టారు. మూడు ఫొటోల్లోనూ ఉన్నది ఒకటే లారీ, అవతల ఒడ్డు నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తెస్తున్న లారీ. జయకుమారి రెండోదాన్నీ మూడోదాన్నీ పెద్దవి చేసి మార్చి మార్చి చూసి, ఫోన్ షఫీక్ చేతికిచ్చింది. వెనక చక్రం, దాని కింద రాళ్ళు, చుట్టూ ఎర్రగా మిరపకాయలు. రెంటిలోనూ అంతే కనిపించింది షఫీక్‌కి.

మర్నాడు పొద్దున్నే గుండ్లరేవుకు పోయారు. బల్లకట్టు మీద పనిచేసే యలమందయ్య కారాలు మిరియాలు నూరుతున్నాడు. గొలుసు వెయ్యలేదని అందరూ తననే అంటున్నారట. వెయ్యకపోతే ఒడ్డుకొచ్చేసరికి ఎట్టా ఉంది మరి, నేనే విప్పాను గదా అన్నాడు. ఆ ఫొటోలవాళ్ళు ఎప్పుడూ గొలుసు తీయమని బతిమాలతారని, తను ఎన్నడూ ఒప్పుకోలేదని కూడా చెప్పాడు.

లారీ డ్రైవరు ఇంకో సంగతి చెప్పాడు. బండి ఎక్కగానే యలమందయ్య చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. ఏటి మధ్యకు వచ్చాక అడుగున టిక్కీ ఒకటి చిరిగి కాయలు జలజలా రాలాయి. గాలి వెనక్కి తోలుతుండడంతో ఘాటంతా అటే కొట్టింది. డ్రైవరుతో సహా జనమంతా ముందుకు పోయారు. వెనక్కి చూడాలన్నా లారీ అడ్డం. హ్యాండ్ బ్రేకు బాగుంటుందా అని జయకుమారి అడిగితే డ్రైవరు నవ్వాడు. దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు, రాళ్ళే దిక్కు అన్నాడు.

ఆ లారీ వెంట వచ్చిన కూలీల్లో జానీబీ ఒకామె. మిరప కళ్ళంలో తాలుకాయలు ఏరుతుంటే కలిశారు. ఆమెకు శ్యామ్ సుందర్ బాగా గుర్తున్నాడు.

"అంత ఏడుపు నేను సొంత అన్నదమ్ముల్లో కూడా చూళ్ళేదమ్మా," అంది. "కళ్ళు ఇంత లావున వాచినయ్. నా బిందెలో చేతులు పెట్టి తీయడే. కడుక్కోవడం, కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ ఏడవడం. ఆయన్ని చూసి మేమందరం ఏడ్చాం."

ఇక మిగిలింది శ్యామ్ సుందర్. కాలేజీలో కలిస్తే మర్యాదగా కూర్చోబెట్టి, చెప్పిందే మళ్ళీ చెప్పాడు. తను లారీకి దూరంగా, పక్కన కట్టిన ఇంజను పడవలో నిలబడి కొండను వీడియో తీస్తున్నాడట. తల తిప్పేసరికి అయూబ్ గొలుసు దాటుతున్నాడట. వెంటనే అరిచాడట.

"లారీ దగ్గరికి పోలేదా మీరు?" అంది జయకుమారి.

"నాకు మిరప ఘాటు పడదండీ. ఆ దరిదాపులకే పోలేదు."

మెట్లు దిగుతూ, ఆదివారం అందరినీ బల్లకట్టు ఎక్కించమంది జయకుమారి షఫీక్‌ని. ఏం దొరికింది మేడం అంటే, నీ చేతిలో పెట్టాను కదా ఫొటో అంది. పరీక్ష హాల్లో కూర్చున్నట్టయింది షఫీక్‌కి.

ఆదివారం ఎండ తెల్లగా, ఏ రంగూ లేకుండా ఉంది. మెహర్ వచ్చి రెయిలింగ్ పక్కన నిలబడింది. నీళ్ళు చూస్తే భయమేస్తుందా అని షఫీక్ అడిగితే, ఏమీ అనిపించడం లేదంది. యలమందయ్య, లారీ డ్రైవరు, కళ్ళం పనిలోంచి అట్నుంచి అటే వచ్చిన జానీబీ, తెల్లచొక్కాలో శ్యామ్ సుందర్. అయూబ్‌కు నివాళి అనుకుని ఆయన పూలదండ కూడా తెచ్చాడు. నడి ఏట్లోకి వచ్చాక జయకుమారి ఇంజను ఆపించింది.

ఆవిడ రెండు ఫొటోలూ పెద్దవిగా అచ్చువేయించి తెచ్చింది. మొదటిది అయూబ్ తీసిన నడి ఏటి ఫొటో. చక్రం వెనక రాళ్ళు, వాటి మీద కుప్పగా మిరపకాయలు. రాళ్ళు ముందే ఉన్నాయి, కాయలు తర్వాత రాలాయి, కనుక కాయలు పైన ఉండాలి. ఉన్నాయి. రెండోది శ్యామ్ సుందర్ దిగేముందు తీసింది. అందులో రాళ్ళ మీద ఒక్క కాయ లేదు. రాళ్ళే కాయల మీద ఉన్నాయి, కింద నలిగి గింజలు బయటపడి ఉన్నాయి. చక్రం కింద కూడా జానెడు మేర కాయలు పచ్చడైపోయి ఉన్నాయి.

"నడుమ ఎవరో ఆ రాళ్ళు తీశారు, మళ్ళీ పెట్టారు," అంది జయకుమారి. "తీసిన కాసేపట్లో లారీ వెనక్కి జరిగింది. యలమందయ్యా, నువ్వు తీశావా?"

"నేను ముందరున్నానమ్మా, అందరూ చూశారు," అన్నాడతను.

"రాలిన తేజ రకం ఘాటు మిరపకాయల్లోంచి ఉత్త చేతులతో రాళ్ళు లాగినవాడి చేతులు ఏమవుతాయి జానీబీ?"

జానీబీ జవాబు చెప్పబోయి ఆగింది. శ్యామ్ సుందర్ చేతుల వంక చూసింది. "మండుతయ్యమ్మా. నీళ్ళు పెడితే ఇంకా మండుతయ్. ఆ చేతులు కంట్లో పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది," అంది నెమ్మదిగా.

ఘాటు ముందువైపుకు రానేలేదని, ముందున్న వాళ్ళలో ఒక్కరికీ కళ్ళు మండలేదని జయకుమారి గుర్తుచేసింది. లారీ దరిదాపులకే పోనివాడికి ఆ మంట ఎలా అంటిందని అడిగింది. రాళ్ళు ఎందుకు తీశారో అయూబ్ ఇంట్లో గోడలే చెప్పాయంది. అడ్డంగా రాయి ఉండకూడదు, గొలుసు ఉండకూడదు, పాతకాలంలా ఉండాలి. జనమంతా ముందుకు పోయారు, వెనకంతా ఖాళీ. అలాంటి ఫొటో మళ్ళీ దొరకదు. ఘాటుకు కూడా జంకకుండా అక్కడ నిలబడగలిగేది ఈ పిచ్చి ఉన్న ఇద్దరే.

పూలదండ శ్యామ్ సుందర్ చేతిలోంచి జారి చెక్కల మీద పడింది. లారీ కదులుతుందనుకోలేదన్నాడు. గొలుసు అయూబే విప్పాడట, రాళ్ళు తను తీశాడట. అయూబ్ అంచున నిలబడి కెమెరా సర్దుకుంటున్నాడు. నడి ప్రవాహం తగిలి బల్లకట్టు వెనక్కి ఒరిగింది. లారీ జానెడే జరిగింది, ఆ జానెడే అయూబ్‌కి తగిలింది.

"పడగానే మీరేం చేశారు?" అంది జయకుమారి.

అతను వంగి పూలదండ తీసుకోబోయాడు. ఆవిడ మళ్ళీ అడిగింది.

"రాళ్ళు పెట్టాను."

"తర్వాత?"

"గొలుసు తగిలించాను."

"తర్వాత?"

"అరిచాను."

ఏ రేవులోనూ మమ్మల్ని ఇక ఎక్కనివ్వరనుకున్నాను, ఉద్యోగం పోతుందనుకున్నాను అన్నాడతను. బల్లకట్టు అప్పటికి ఎంత దూరం వచ్చేసి ఉంటుందో, అరుపు విని యలమందయ్య ఏట్లోకి గాలి ట్యూబు విసిరిన చోటుకు మనిషి ఎంత వెనక ఉండిపోయి ఉంటాడో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రాణం పోతున్నవాణ్ణి వదిలేసి గొలుసు తగిలించాడు. తగిలించినవాడు ఊరుకోక, నియమం తప్పకూడదని దిగేముందు ఫొటో కూడా తీశాడు. ఆ ఒక్క అలవాటు లేకపోతే పట్టుబడేవాడే కాదు.

మెహర్ రెండడుగులు ముందుకు వచ్చింది.

"నువ్వు రాళ్ళు పెడుతున్నంతసేపూ ఆయనేం చేస్తున్నాడు?"

శ్యామ్ సుందర్ తల దించుకున్నాడు. "ఈదుతున్నాడు. చెయ్యెత్తి నన్ను పిలిచాడు."

"అయితే ఇంటికి రావాలనే చూశాడు," అంది మెహర్. మళ్ళీ అదే మాట అంది. ఆవిడ మొహంలో ఇప్పుడు కూడా ఏమీ లేదు.

ఇంజను మళ్ళీ వేశారు. జయకుమారి ముందే చెప్పి ఉంచడంతో ఒడ్డున పోలీసు జీపు కనిపిస్తోంది. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మొద్దని మా నానమ్మ అనేది మేడం, నాకు ముందే తట్టాల్సింది అన్నాడు షఫీక్. సామెతతో కేసు నిలవదు, రాయితో నిలిచింది అందావిడ. గెలిచిన సంతోషం ఆ గొంతులో లేదు.

రెయిలింగ్ దగ్గర జానీబీ మెహర్‌ను పట్టుకుని నిలబడింది. ఏమనాలో తెలియక, పసిపిల్లకు తుడిచినట్టు రెండు చేతులతో ఆమె మొహం తుడిచింది. తుడిచాక గుర్తొచ్చింది ఆమెకు, పొద్దుట్నుంచీ మిరపకాయల్లో ఉన్న చేతులవి.

"అయ్యో, నా చేతులు పాడుగాను," అంటూ వెనక్కి లాక్కుంది. నీళ్ళు పెట్టొద్దని, నూనె రాయాలని, కాసేపట్లో పోద్దని చెబుతూ డ్రైవరును నూనె అడగడానికి పరుగెత్తింది.

మెహర్ కళ్ళు గట్టిగా మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు కారాయి. "మండుతోంది," అంది. టీ తాగిన రోజు నుంచీ షఫీక్ ఎదురుచూస్తున్న మాట లాంటిదే అది, ఎందుకో అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఆ మంట ఎంతసేపు ఉంటుందో జానీబీకి బాగా తెలుసు. బల్లకట్టు ఒడ్డుకు చేరింది, జీపు శ్యామ్ సుందర్‌ను తీసుకుని వెళ్ళిపోయింది, యలమందయ్య గొలుసు విప్పి అవతలికి పోయే బండ్లను ఎక్కించుకున్నాడు. మెహర్ ఇంకా ఏడుస్తూనే ఉంది. జానీబీ నూనె సీసా పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చుంది.