తీయొద్దన్న బూడిద

సాయంత్రం నాలుగింటికే సూర్యుడు చచ్చిపోయాడు...!

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, దేవదారు అరణ్యం మీదికి కాటుక చీకటి కమ్ముకొస్తోంది. మంచు తుఫాను హోరు... ఆ హోరును చీల్చుకుంటూ గుడ్లగూబ భీకర రవం! మూడు రోజులుగా కరెంటు లేదు. బండి మంచులో కూరుకుపోయింది. ఆ ఒంటరి కొంపలో వెలుగుతున్నది ఒక్కటే... ముందు గదిలోని ఇనప కట్టెల పొయ్యి!

వెండల్‌కి చెమటలు కారుతున్నాయి. పొయ్యికి మూరెడు దూరంలో, మూడు బొంతల కింద, అతని భార్య లొరేటా మాత్రం గజగజా వణుకుతోంది. చెయ్యి పట్టుకుని చూశాడు. అందులో వేడన్నదే లేదు.

పొయ్యి కొని వారమే అయింది. ఇంటిని వేడి చేసే నూనె హీటరు చెడిపోయింది, కొత్తది కొనే తాహతు లేదు. కొండ అవతల ఎలైజా పింకమ్ అనే ముసలాడు పాత పొయ్యి అమ్ముతున్నాడని విని వెళ్లాడు. వెండల్ పొయ్యిల మధ్య పుట్టి పెరిగినవాడు. పొయ్యి తలుపు సందులో కాగితం పెట్టి లాగాడు. బిగుసుకుపోయింది, గాలి చొరబడే సందు లేదు. టార్చి వేసి పగుళ్లు వెతికాడు, ఒక్కటీ లేదు.

"తాతా, ఇంత మంచి పొయ్యి ఇంత చవగ్గా ఇస్తున్నావేం?"

"కట్టెలు కొట్టే ఓపిక పోయింది నాయనా. ఒక్క మాట... అడుగున ఉన్న బూడిద మాత్రం తీయొద్దు."

"భలేవాడివే, నాకా చెప్తున్నావు! మందంగా బూడిద లేకపోతే అడుగు మాడిపోదూ? నిప్పు మాత్రం ఎక్కడ నిలుస్తుంది?" అని నవ్వాడు వెండల్.

ఏమీ తెలియని పట్నపువాడైతే ఆ బూడిదంతా ఊడ్చి పారేసేవాడు. అన్నీ తెలిసినవాడు కాబట్టే వెండల్ దాన్ని భద్రంగా ఇంటికి మోసుకొచ్చుకున్నాడు. అయ్యో... తెలిసినతనమే కొంప ముంచింది!

అంటించిన రోజు లొరేటా వేళాకోళం చేసింది. "నీ పొయ్యికి నేనంటే కుళ్లులా ఉందయ్యా, నిన్నొక్కణ్ణే వెచ్చబెడుతోంది!" మర్నాడు ఆ నవ్వు లేదు. మూడోనాటికి లేచి నడవలేకపోయింది. వెండల్ మాత్రం, పాపం, ఆమెకు వెచ్చదనం కావాలని దుంగ మీద దుంగ వేస్తూనే ఉన్నాడు.

హఠాత్తుగా బొంతలు ఎగిరిపడ్డాయి! లొరేటా నిటారుగా లేచి కూర్చుంది. కనుపాపలు లేవు... అంతా తెలుపే! ఆ సుకుమార కంఠం నుంచి కర్కశమైన మగ గొంతు...

"దుంగ వెయ్యరా...! మంట తగ్గుతోంది!"

వెండల్ ఇనప ఊచ అందుకుని నిప్పులను చీల్చాడు. బూడిద కింద ఏదో టంగుమంది. తెల్లగా... గుండ్రంగా... నర కపాలం! జ్వాలల మధ్య ఉండీ రవ్వంత మసి అంటలేదు దానికి.

"నా మొదటి పెళ్లాంరా అది! నూరేళ్ల కిందట దాని ఒంటి వేడే ముందు తాగాను. అది ఈ పొయ్యిలో ఉన్నంతకాలం నాకు చావు లేదు! నా ఇంట్లో తాగడానికి మనుషులు మిగల్లేదు... అందుకే నీకు అమ్మాను! హహ్హహ్హా...!"

వికటాట్టహాసం లోపలా వినిపించింది, బయటా వినిపించింది. కిటికీ అవతల, ఆ ప్రళయ హిమపాతంలో, పలచని చొక్కాతో నిలబడి ఉన్నాడు పింకమ్! వంగిన నడుం నిటారయింది, నెరిసిన జుట్టు నల్లబడింది.

"ఆర్పుతావా? ఆర్పు! తెల్లారేసరికి ఇద్దరూ కొయ్యబారిపోతారు. ఆర్పకపోతే అదొక్కతే పోతుంది. నువ్వు వెచ్చగా బతుకుతావు. ఎంచుకోరా!"

ఏం చెయ్యాలి? ఎవరిని పిలవాలి? సిగ్గుచేటు... వెండల్ చెయ్యి అలవాటుగా మరో దుంగ మీదికే పోయింది!

"వెండల్... చలేస్తోందయ్యా..."

అది లొరేటా సొంత గొంతు. సన్నగా, ఎక్కడో లోతు నుంచి వచ్చింది. దుంగ చేతిలోంచి జారిపోయింది.

వీధి తలుపు తీసి బకెట్ నిండా మంచు ఎత్తాడు. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద మంచు పడితే ఏమవుతుందో ఆ ప్రాంతంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. "వద్దురా...!" అని పింకమ్ అరుస్తుండగానే బకెట్ బోర్లించాడు.

ఫెళ్...! ఫెళఫెళ...! గది నిండా ఆవిరి. పొయ్యి రెండుగా చీలిపోయింది. కపాలం పేలి పిండయింది.

బయట ఆర్తనాదం! నూరేళ్లుగా తప్పించుకు తిరిగిన చలికాలాలన్నీ ఒక్కసారిగా పింకమ్ మీద విరుచుకుపడ్డాయి. ఏ మంత్రానికీ లొంగని శీతశక్తి ముందు ఆ క్షుద్రుడెంత! జుట్టు తెల్లబడింది, చర్మం చిట్లింది, నిలువునా గడ్డకట్టి... ముక్కలై... పొడిగా రాలాడు. ఆ పొడిని ఈదురుగాలి ఊడ్చుకుపోయింది.

ఆ గాలే తిరిగి ఇంటి గోడలను తడమసాగింది. దానికి పింకమ్ అయినా ఒకటే, వెండల్ అయినా ఒకటే. అప్పటికే కిటికీ అద్దం లోపలి వైపు మంచు పేరుకుంటోంది.

లొరేటా కళ్లు తెరిచింది. బుగ్గలూ చేతులూ వెచ్చగా ఉన్నాయి. "అబ్బ, ఎంత పాడు కలో! ఏంటయ్యా, నువ్వు వణుకుతున్నావేం? లేచి ఆ పొయ్యి రాజెయ్యకూడదూ?"

చీకట్లో ఆమెకు పొయ్యి కనబడడం లేదు. వెండల్ బొంతల్లోకి దూరి, రెండు చేతులా ఆమెను దగ్గరికి లాక్కున్నాడు.

"రాజేస్తాలే. కాసేపు పడుకో."