పంతొమ్మిదో నంబరు బాటిల్

"మన ఏజెంట్ నెమలి శత్రువుకు అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "శిఖరం మీది మన లిజనింగ్ పోస్ట్ పన్నెండింటికి పేలిపోతుంది. వైర్‌లెస్ జామ్ చేశారు. ఈ మబ్బులో హెలికాప్టర్ దిగదు. నువ్వే ఎక్కాలి."

"డ్యూటీలో ఎవరు?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "మీ తమ్ముడు."

ఏజెంట్ ఉడుము ఫోన్ పడేసి పరుగెత్తాడు. అమ్మ వద్దని మొత్తుకున్నా వాణ్ణి ఈ ఉద్యోగంలో వేయించింది తనే.

అభయారణ్యం గేటు దగ్గర గార్డు కదలనిచ్చాడు కాదు. ఉడుము చేతిలోని నీళ్ల బాటిల్ లాక్కుని దాని మీద ఇరవై నంబరు స్టిక్కర్ అంటించాడు. "దిగేటప్పుడు చూపించాలి సార్. అడవిలో ప్లాస్టిక్ వదలకూడదు."

ఉడుము నెమలి ఫొటో చూపించాడు.

" ఫొటోగ్రాఫర్ మేడమా? పొద్దున్నే వెళ్లారు. మూడు బాటిళ్లు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది."

నిట్టనిలువు బండలు. పదకొండూ నలభైకి, ఇనప గొలుసు పట్టుకుని ఎక్కేచోట నెమలి ఎదురైంది. మెడలో కెమెరా, పెదాల మీద చెక్కుచెదరని లిప్‌స్టిక్.

"మబ్బు ఎప్పుడు విడుతుంది?" అన్నాడు.

"గాలి మారినప్పుడు." కోడ్ తప్పలేదు. నవ్వూ తప్పలేదు.

ఉడుము పిస్టల్ తీశాడు. ఆమె బ్యాగు వెతికాడు. పదిహేడు ఉంది, పద్దెనిమిది ఉంది.

"పంతొమ్మిది ఏది?"

"పాపం, మీ తమ్ముడు దాహమన్నాడు. ఇచ్చేశా." వాచీ చూసుకుంది. "పైన నీళ్లే. అడుగున మాత్రం మా సరుకు. ఇంకా అరగంట ఎక్కాలి. నీ వల్ల కాదు."

ఆమె చేతిని గొలుసుకు బేడీ వేసి పైకి పాకాడు. గోళ్లు ఊడాయి. అరిచాడు, గాలి మింగేసింది. మళ్లీ అరిచాడు, గొంతు పోయింది. కాలి కింద రాయి జారి లోయలో పడిన చప్పుడు ఎంతకీ వినిపించలేదు. వాడికేమైనా అయితే అమ్మకు ఏ మొహం చూపించాలి? ఏడుస్తూనే ఎక్కాడు. చూసేవాళ్లు లేరు కాబట్టి సిగ్గుపడలేదు.

పదకొండూ యాభై తొమ్మిది. శిఖరం మీది పోస్ట్ గదిలోంచి తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా! నువ్వేంటిక్కడ? అయ్యయ్యో, చేతుల నిండా రక్తం! ముందు నీళ్లు తాగు."

చాచిన చేతిలో పంతొమ్మిదో నంబరు బాటిల్.

ఉడుము లాక్కున్నాడు, బలం కొద్దీ లోయలోకి విసిరాడు, తమ్ముడి మీద పడ్డాడు. కొండ దద్దరిల్లింది. చాలాసేపటి దాకా ఉడుము వాణ్ణి వదల్లేదు.

"ఊపిరాడట్లేదు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

సాయంత్రం గేటు దగ్గర నెమలిని జీపెక్కించారు. గార్డు ఆమె బ్యాగు వెతికి, రిజిస్టర్ చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఒకటి తక్కువుంది సార్."

"అది పేలిపోయిందయ్యా. బాంబు!"

"ముక్కలుంటాయిగా? జంతువులు మింగితే?" గార్డు ఖాళీ సంచి చేతికిచ్చాడు. "గేటు ఆరింటికి మూసేస్తాం. త్వరగా ఏరుకురండి."